వెనుక వచ్చేవారి కోసం

నాగార్జునసాగర్ ఎడమకాలువ కింద వరి పండించే రైతుకు ఒక సత్యం ఎవరూ బోధించకుండానే తెలుస్తుంది. ఎగువ రైతు అవసరానికి మించి నీరు మళ్ళించుకొంటే కాలువ చివరి భూమి ఎండిపోతుంది. ఆ చివరి భూమి ఎవరిదో అతనికి తెలియకపోవచ్చు. ఆ రైతు ముఖాన్ని అతడు ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అయినప్పటికీ ఎగువ రైతు తన తూమును సకాలంలో మూసినప్పుడే దిగువ పొలం తడుస్తుంది. 1967లో సాగర్ కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల ఆయకట్టు రైతులకు ఇది అనుభవంలో ఉన్న విషయమే.

తనకు కనిపించని మనిషిని, తన వెనుక వచ్చే మనిషిని తలచుకొని నడుచుకోవడం సంఘజీవనానికి పునాది. ఈ పాఠాన్నే మరో నేలపై, మరో రూపంలో, ప్రతిదినం నేర్చుకొంటున్న తెలుగు యువతీయువకులు ఉన్నారు. వారు చదువు కోసం, ఉద్యోగం కోసం జపాన్ వెళ్ళినవారు.

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్న సూర్యాపేట, కోదాడల నుంచి, ఆ దారికి దక్షిణాన ఉన్న మిర్యాలగూడ నుంచి విదేశాలకు వెళ్ళే యువత చూపు ఒకప్పుడు ఎక్కువగా అమెరికా, బ్రిటన్, గల్ఫ్ దేశాల వైపు ఉండేది. కాలక్రమాన జపాన్ దారి కూడా తెరుచుకొంది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐ.ఐ.టి. ప్రాంగణ నిర్మాణానికి జపాన్ సహకరించింది. అక్కడి విద్యార్థులు జపాన్ విశ్వవిద్యాలయాలలో ఉన్నత విద్య అభ్యసించడానికి ఉపకారవేతనాలు కూడా ఏర్పరచింది. 2021 జనవరిలో భారత, జపాన్ ప్రభుత్వాలు నైపుణ్యం గల ఉద్యోగుల విషయమై ఒక ఒప్పందం కుదుర్చుకొన్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ అయిన టామ్‌కామ్, నర్సింగ్ చదివిన యువతకు జపాన్ భాషలో శిక్షణ ఇప్పించి, ఆ దేశపు వృద్ధుల సేవారంగానికి పంపే కార్యక్రమం చేపట్టింది.

సూర్యాపేట నుంచి వెళ్ళిన ఒక ఇంజినీరు, కోదాడ నుంచి వెళ్ళిన ఒక విద్యార్థి, మిర్యాలగూడ నుంచి వెళ్ళిన ఒక నర్సు – ఈ పాఠంలో కనిపించే ముగ్గురూ అలా వెళ్ళే యువతకు ప్రతినిధులు మాత్రమే. కనుక వారికి పేర్లు లేవు. వారికి ఎదురయ్యే అనుభవాలు మాత్రం అక్కడ నివసించే ప్రతి కొత్తవారికీ ఎదురయ్యేవే.

గడప దగ్గర మొదటి పాఠం

జపాన్‌లో స్థిరనివాసానికి వెళ్ళినవారు ఒక చిరునామాకు చేరుకొన్న పద్నాలుగు రోజులలోగా స్థానిక పురపాలక కార్యాలయంలో తమ నివాసాన్ని నమోదు చేయించుకోవాలి. నివాసపత్రం వెనుక ఆ చిరునామా అచ్చవుతుంది. బ్యాంకు ఖాతా, టెలిఫోను, ఆరోగ్య బీమా అన్నీ ఆ తర్వాతనే. బీమా గల రోగి సాధారణంగా వైద్యఖర్చులో నూటికి ముప్పై వంతులు చెల్లిస్తే సరిపోతుంది.

కాని చిరునామా సంపాదించడమే ఒక పరీక్ష. అద్దె ఇంటికి పూచీదారు కావాలి. అడ్వాన్సు కాక, యజమానికి తిరిగిరాని కానుకగా కొంత సొమ్ము ఇచ్చే ఆచారం కూడా చాలాచోట్ల ఉంది. విదేశీయులనగానే ఇల్లు లేదనే యజమానులు ఉన్నారు. 2017లో జపాన్ న్యాయమంత్రిత్వ శాఖ ప్రకటించిన సర్వేలో, ఇల్లు వెతుక్కొన్న విదేశీయులలో నూటికి దాదాపు నలభైమంది తమకు ఆ కారణంగా ఇల్లు దొరకని అనుభవం ఉందని చెప్పారు. సూర్యాపేట ఇంజినీరుకు నాలుగో ప్రయత్నంలో గాని గది దొరకలేదు. దొరికిన నాడు అతడు గడపలో నిలబడి చెప్పులు విడిచాడు.

చెప్పులు బయట విడవడం తెలుగువారికి కొత్త కాదు. అయితే జపాన్ ఇంట్లో గడప లోపల 'గెన్‌కాన్' అనే పల్లపు భాగం ఉంటుంది. పాదరక్షలను అక్కడ విడిచి, వాటి ముందుభాగం ద్వారం వైపు ఉండేటట్లు తిప్పి పెట్టాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరికీ అడ్డు లేకుండా నేరుగా తొడుక్కొని వెళ్ళడానికి అది అనువు. స్నానాల గదిలోనూ ఇదే పద్ధతి. ముందుగా తొట్టి బయట కూర్చుండి సబ్బుతో ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. ఆ తర్వాతనే వేడినీటి తొట్టిలోకి దిగాలి. ఆ నీటిలోనే ఇంట్లో తర్వాతివారు కూడా దిగుతారు గనుక దానిని మురికి చేయరాదు. ఎగిరిపోయే పక్షి తన వెనుక నీటిని కలకబారనీయదని జపాన్ భాషలో ఒక సామెత ఉంది.

చెత్తసంచి చెప్పిన నీతి

కొత్తవారిని అన్నిటికన్న ఎక్కువ తికమక పెట్టేది చెత్త. కాల్చదగిన చెత్త, కాల్చరాని చెత్త, ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు, పాత కాగితాలు – ఒక్కొక్క రకానికి ఒక్కొక్క వారం, ఒక్కొక్క సంచి. వంటింటి చెత్తలో నీరు పూర్తిగా వడకట్టాలి. నిర్ణీత దినాన ఉదయమే నిర్ణీత స్థలంలో ఉంచి, కాకులు చింపకుండా వలకప్పాలి. పొరపాటు జరిగితే బండివారు ఆ సంచికి ఒక చీటీ అంటించి అక్కడే వదలి వెళతారు. తొకుషిమా ప్రాంతంలోని కమికత్సు అనే చిన్న ఊరు చెత్త లేని ఊరుగా మారాలని 2003లో తీర్మానించుకొని, చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరుచేస్తున్నది.

సూర్యాపేట ఇంజినీరు తొలివారంలోనే అటువంటి చీటీని చూసి సిగ్గుపడ్డాడు. అదే వీధిలో ఉంటూ వేరే నగరానికి మారిపోతున్న ఒక తెలుగు ఉద్యోగి అతనిని పిలిచి, ఒక పాత కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద ఏ వారం ఏ చెత్త వేయాలో తెలుగులో రాసి ఉంది.

"ఇది నాకు మా సీనియర్ ఇచ్చాడు, తమ్ముడూ. గోడకు అంటించుకో. నెలరోజులకు కంఠస్థం అవుతుంది" అన్నాడు.

"నేను పొరపాటు చేస్తే ఎవరూ తిట్టలేదన్నా, అది మంచిదే కదా?" అని అడిగాడు ఇతడు.

"తిట్టరు. నీ సంచిని మాత్రం ఎవరో ఒక ముసలాయన మళ్ళీ విప్పి వేరుచేస్తాడు. తిడితేనే నయం" అని ఆ ఉద్యోగి నవ్వాడు.

ఆ మాటతో అతనికి విషయం బోధపడింది. నియమం తప్పడమంటే ప్రభుత్వాన్ని ధిక్కరించడం మాత్రమే కాదు. తన పనిని ముఖం తెలియని మరొక మనిషి నెత్తిన వేయడం.

పోయిన పట్టీ, దొరికిన నమ్మకం

కోదాడ బస్టాండులో ఎక్కిన ప్రయాణికుడు సూర్యాపేట చేరేలోగా పక్కవాని ఊరు, పేరు, పిల్లల చదువులు తెలుసుకొంటాడు. టోక్యో రైలులో వందలమంది ఉన్నా నిశ్శబ్దమే. ఫోనులో మాట్లాడరాదు. నేల మీది గుర్తుల ప్రకారం వరుసలో నిలబడి, దిగేవారు దిగిన పిమ్మటనే ఎక్కాలి. రైలు ఆలస్యమైతే ప్రయాణికుడు తన కార్యాలయంలో చూపుకోవడానికి రైల్వేవారే ధ్రువపత్రం ఇస్తారు. 1964 అక్టోబరు 1న టోక్యో, ఒసాకాల మధ్య ప్రారంభమైన షిన్‌కాన్‌సెన్ అతివేగ రైళ్ళు టోక్యో చేరినప్పుడు, శుభ్రపరిచే సిబ్బంది సుమారు ఏడు నిమిషాలలో బోగీలన్నీ తుడిచి, తర్వాతి ప్రయాణికులకు సిద్ధం చేస్తారు.

కోదాడ విద్యార్థి ఒకనాడు రైలులో తన సంచి మరచిపోయాడు. అందులో అతని నివాసపత్రం ఉంది. మరునాడు స్టేషనులోని వస్తువుల విభాగంలో ఆ సంచి చెక్కుచెదరకుండా దొరికింది. దొరికిన వస్తువును అప్పగించినవారికి దాని విలువలో నూటికి ఐదు నుంచి ఇరవై వంతుల వరకు బహుమానం పొందే హక్కును జపాన్ చట్టం కల్పించింది. ఆ సంచి అప్పగించిన వ్యక్తి మాత్రం తన పేరైనా చెప్పలేదు.

ఇది నేటి మర్యాద కాదు. బ్రిటన్ యాత్రికురాలు ఇసబెల్లా బర్డ్ 1878లో జపాన్ చేరి, ఇతో అనే యువ దుభాషిని వెంటబెట్టుకొని, ఐరోపావారు అంతగా అడుగిడని ఉత్తర ప్రాంతాలలో గుర్రం మీద ప్రయాణించింది. మడత మంచం, రబ్బరు స్నానపు తొట్టి మోసుకొనిపోయింది. సత్రాలలో దోమలు, రక్తం పీల్చే చిన్న పురుగులు ఆమెకు నిద్ర లేకుండా చేశాయి. కాగితపు తెరలకు రంధ్రాలు చేసి గ్రామస్థులు ఆమెను వింతగా చూసేవారు. ఒక రాత్రి ఆమె సామానులోని పట్టీ ఒకటి దారిలో పడిపోయింది. గుర్రం నడిపే మనిషి చీకట్లో మైళ్ళు వెనుకకు నడిచి దానిని వెదికి తెచ్చాడు. ఆమె డబ్బు ఇవ్వబోతే, అన్నీ భద్రంగా చేర్చడం తన బాధ్యత అని అతడు పుచ్చుకోలేదు. ఈ సంగతులన్నీ ఆమె 1880లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఉన్నాయి. సుమారు నూట యాభై సంవత్సరాల కిందట బ్రిటిషు వనితకు కలిగిన ఆశ్చర్యమే నేడు కోదాడ విద్యార్థికీ కలిగింది.

అన్నం ఒకటే, రుచి వేరు

మిర్యాలగూడ రైసుమిల్లుల పట్టణం. పొడిపొడిగా ఉండే సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన నర్సుకు, పొట్టిగింజల జపాన్ అన్నం ముద్దగా తోచింది. పుల్లలతో తినడానికి ఆ జిగటే అనుకూలమని తరువాత తెలిసింది. ఆ పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చరాదు. చనిపోయినవారికి పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. శాకాహారులకు మరో చిక్కు ఉంది. కూరగాయల పులుసులా కనిపించే మిసో సూప్‌లో సైతం ఎండుచేపల సారం కలిపే ఆచారం విస్తారంగా ఉంది. అడిగి తెలుసుకోవడం తప్ప మార్గం లేదు.

విచిత్రమేమంటే, జపాన్ పిల్లలు ఎంతో ఇష్టపడే కూర అన్నం మూలంలో మన దేశానిదే. అది మెయిజీ కాలంలో బ్రిటన్ మీదుగా, కొత్త రుచితో జపాన్ చేరింది. 1927లో భారత స్వాతంత్ర్య యోధుడు రాస్‌బిహారీ బోస్ చొరవతో టోక్యోలోని నకమురాయా భోజనశాలలో అసలైన భారతీయ కూర వడ్డించసాగారు. కొత్తవాడు పరాయి ఊరిలో నేర్చుకోవడమే కాదు, ఒకటి వదలి వెళతాడు కూడా.

తినే ముందు 'ఇతదాకిమాస్' అని, తిన్న తరువాత 'గోచిసోసమా' అని అనడం అక్కడి ఆచారం. మొదటిది స్వీకరిస్తున్నామనే వినయం. రెండవది వండినవారి శ్రమకు కృతజ్ఞత.

భాషలోని దగ్గరితనం

జపాన్ రాతలో హిరగాన, కతకాన అనే రెండు అక్షరమాలలున్నాయి. ఒక్కొక్కదానిలో నలభై ఆరు మూలాక్షరాలు. వాటికి తోడు చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాలు. నిత్యవ్యవహారానికి 2010లో ప్రభుత్వం నిర్ణయించిన పట్టికలో అవి 2136. రాత ఇంత కష్టమైనా వాక్యం మాత్రం తెలుగు విద్యార్థికి సుపరిచితంగా ఉంటుంది. కర్త ముందు, కర్మ మధ్య, క్రియ చివర. విభక్తి ప్రత్యయాలవలె పదం వెనుక చేరే చిన్న పదాలు ఉన్నాయి. మన 'గారు' వలె పేరు చివర 'సాన్' చేరుతుంది. లకారం, రకారం వేరువేరుగా లేవు గనుక లక్ష్మి అనే పేరు 'రకుషుమి' అవుతుంది.

మాటలకన్న మౌనం అర్థం చేసుకోవడం కష్టం. అక్కడివారు కాదనే మాటను నేరుగా పలకరు. 'కొంచెం...' అని ఆగిపోతే అది నిరాకరణ. దీనిని కోదాడ విద్యార్థి త్వరగానే గ్రహించాడు. అప్పు అడిగినప్పుడు మన పెద్దలు 'చూద్దాంలెండి' అంటే దాని అర్థం అతనికి చిన్ననాటి నుంచి తెలుసు గదా!

నేల కదలినప్పుడు

మన ప్రాంతంలో భూకంపం అరుదు. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో వచ్చిన ప్రకంపనలకే తెలంగాణ అంతటా జనం వీధులలోకి వచ్చారు. జపాన్‌లో భూమి కదలడం నిత్యజీవితంలో భాగం. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతాన్ని ధ్వంసం చేసిన మహాభూకంపం జ్ఞాపకార్థం ఏటా ఆ రోజున విపత్తు నివారణ దినం పాటిస్తారు. 2011 మార్చి 11న 9.0 తీవ్రతతో వచ్చిన భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ వేలాదిమందిని బలిగొన్నాయి. ఇళ్ళలో నీరు, ఆహారం, టార్చిలైటు, మందులతో ఒక సంచి సిద్ధంగా ఉంచుకోవాలని కొత్తవారికి బోధిస్తారు.

ఒక అర్ధరాత్రి ఫోన్లన్నీ ఒక్కసారిగా హెచ్చరిక మోగించి, గది ఊగినప్పుడు సూర్యాపేట ఇంజినీరు బల్ల కిందికి దూరాడు. ఊగడం ఆగిన కొద్దిసేపటికి తలుపు చప్పుడైంది. ఆరునెలలుగా పలకరింపు తప్ప మాట లేని పొరుగింటి వృద్ధుడు, బాగున్నావా అని అడగడానికి వచ్చాడు. నిశ్శబ్దం వెనుక నిర్లక్ష్యం లేదని ఆ రాత్రి అతనికి తెలిసింది.

పిలుపులోని ఆప్యాయత

జపాన్ జనాభాలో అరవై ఐదేళ్ళు దాటినవారు నూటికి ఇరవై తొమ్మిదిమంది. వారికి సేవ చేయడానికి చేతులు చాలడం లేదు. మిర్యాలగూడ నర్సు పనిచేసేది అటువంటి వృద్ధుల ఆశ్రమంలోనే. అక్కడికి వెళ్ళేముందు ఆమె జపాన్ భాషలోనూ, సేవావృత్తిలోనూ పరీక్షలు నెగ్గింది. ఆమెకు లభించిన తొలిదశ అనుమతి మొత్తం ఐదేళ్ళకు. కుటుంబాన్ని వెంట తీసుకుపోయే వీలు లేదు.

ఆశ్రమంలోని పెద్దలను 'అమ్మమ్మా' అని పిలవాలని ఆమెకు అనిపించేది. అయితే వృద్ధులను వారి పేరుకు 'సాన్' చేర్చి పిలవాలని శిక్షణలో చెప్పారు. వయసు మళ్ళినంత మాత్రాన మనిషి పేరు పోకూడదనేది వారి ఆలోచన. ఆమె అలాగే పిలిచింది. కాని అన్నం తినిపిస్తూ వారి ఊరు, పిల్లలు, చిన్ననాటి పండుగలు అడిగేది. మాటలు రానిచోట చేయి పట్టుకొనేది. కొంతకాలానికి, ఎవరితోనూ మాట్లాడని ఒక వృద్ధురాలు ఆమె సెలవు దినాన 'ఆ అమ్మాయి ఏది?' అని అడగసాగింది.

రాత్రి పది గంటలకు పని ముగించి ఆమె ఇంటికి ఫోన్ చేస్తే మిర్యాలగూడలో సాయంత్రం ఆరున్నర. తెర మీద ఆమె సొంత అమ్మమ్మ కనిపిస్తుంది. "అందరి అమ్మమ్మలకూ అన్నం పెడుతున్నావు, నేను గుర్తున్నానా బిడ్డా?" అని ఆమె నవ్వుతూ అడుగుతుంది. ఆ ప్రశ్నకు నర్సు దగ్గర సమాధానం లేదు. పరాయి నేల మీది సంపాదన ఎంత విలువైనదో, దానికి చెల్లించే మూల్యం కూడా అంత నిజమైనది.

ఆ దేశంలోనూ ఒక లోటు ఉంది. ఒంటరిగా నివసించి, ఒంటరిగానే మరణించి, కొన్నాళ్ళకు గాని బయటపడని వారి దుస్థితికి 'కొదొకుషి' అని పేరు పెట్టుకోవలసి వచ్చింది. ఇతరులను ఇబ్బంది పెట్టరాదనే నియమం హద్దు మీరితే, తన ఇబ్బందిని సైతం ఎవరికీ చెప్పుకోలేని స్థితి వస్తుంది. కనిపించని మనిషిని తలచుకోవడం జపాన్ నేర్పే పాఠం. ఎదురుగా ఉన్న మనిషిని పలకరించడం తెలుగునేల నేర్పిన పాఠం. ఈ రెండూ కలిసినప్పుడే మర్యాద సంపూర్ణమవుతుంది.

నీటి మీది దీపాలు

కొత్తవారు మొదట తేడాలనే చూస్తారు. కొంతకాలానికి పోలికలు కనిపిస్తాయి. ఓబోన్ పండుగ చివర జపాన్‌వారు గతించిన పెద్దల కోసం కాగితపు దీపాలను నీటిలో వదులుతారు. అది చూసిన సూర్యాపేటవాసికి సద్దుల చెరువులో బతుకమ్మలు తేలిపోయే దృశ్యం స్ఫురించక మానదు. కృష్ణాతీరాన నాగార్జునకొండకు పేరునిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్ బౌద్ధులు 'ర్యూజు' అనే పేరుతో గురుపరంపరలో కొలుస్తారు. వేసవిలో బాటసారుల కోసం మన ఊళ్ళలో పెట్టే చలివేంద్రం కూడా పేరు తెలియని మనిషి కోసమే గదా!

రెండేళ్ళ తరువాత సూర్యాపేట ఇంజినీరు ఆ గది ఖాళీ చేశాడు. వెళ్ళేముందు నేల తుడిచాడు, గోడ శుభ్రం చేశాడు. గోడకు అంటించిన కాగితం చిరిగిపోయే స్థితిలో ఉంది. దానిని కొత్త కాగితం మీదికి ఎత్తి రాసి, కొన్ని వివరాలు చేర్చాడు: భూకంపపు సంచిలో ఏమేమి ఉంచాలి, ఏ కొట్టులో పప్పు దొరుకుతుంది, పొరుగింటి పెద్దాయనను ఉదయం ఎలా పలకరించాలి. మరునాడు ఖమ్మం నుంచి వచ్చిన ఒక యువకుడి చేతిలో ఆ కాగితం పెట్టాడు.

"ఇది ఎవరు రాశారన్నా?" అని ఆ యువకుడు అడిగాడు.

"ముందు వచ్చినవాళ్ళు. నువ్వు వెళ్ళేటప్పుడు మళ్ళీ రాయి" అన్నాడు ఇంజినీరు.

కఠిన పదాలు – అర్థాలు

తూము : కాలువ నుంచి పొలానికి నీరు వదిలే మార్గం
ఆయకట్టు : ఒక కాలువ లేదా చెరువు కింద సాగయ్యే భూమి
పూచీదారు : హామీ ఇచ్చే వ్యక్తి
కలకబారు : నీరు మురికిగా మారు
దుభాషి : రెండు భాషలవారి నడుమ మాటలను అనువదించి చెప్పేవాడు
మూల్యం : వెల
చలివేంద్రం : బాటసారులకు ఉచితంగా మంచినీరు ఇచ్చే చోటు

అభ్యాసం

1. సాగర్ కాలువ రైతు ఉదాహరణకు, చెత్తసంచి సంఘటనకు గల సంబంధాన్ని వివరించండి.
2. ఇసబెల్లా బర్డ్ ప్రయాణ విశేషాలను తెలిపి, కోదాడ విద్యార్థి అనుభవంతో పోల్చండి.
3. జపాన్ భాషకు, తెలుగుకు గల పోలికలను పాఠం ఆధారంగా రాయండి.
4. 'పరాయి నేల మీది సంపాదనకు చెల్లించే మూల్యం' అనే మాటను మిర్యాలగూడ నర్సు జీవితం ఆధారంగా చర్చించండి.
5. మీ ఊరికి కొత్తగా వచ్చే విదేశీ విద్యార్థికి ఉపయోగపడేటట్లు పది సూచనలతో ఒక కాగితం తయారుచేయండి.